హాలోవీన్ బొమ్మలకి ఇంట్లోనే మట్టి: గత ఏడాది నేను చెప్పిన తప్పుతో సహా

ఈ రోజు ఎపిసోడ్ ఒక తప్పు ఒప్పుకోవడంతో మొదలుపెట్టాలి. రెండు నిమిషాలు ఓపిక పట్టండి, తర్వాత బొమ్మల్లోకి వెళ్దాం.

గత ఏడాది, అంటే 2024 అక్టోబర్‌లో, హాలోవీన్‌కి ఇంట్లోనే పుర్రెలు, గుమ్మడికాయలు ఎలా చేసుకోవాలో ఒక వీడియో పెట్టాను. మైదా, ఉప్పు, నీళ్లు, అంతే. అందులో నవ్వుతూ ఒక మాట అన్నాను: "అన్నీ వంటింటి సామాన్లే కదా, పిల్లలు నోట్లో పెట్టుకున్నా, కుక్క తిన్నా ఏం కాదు." ఎక్కడా చెక్ చేయకుండా నోటికొచ్చింది అనేశాను. కోడ్ రాసే రోజుల్లో అయితే టెస్ట్ చేయకుండా ప్రొడక్షన్‌లోకి పంపినట్టు.

ఆ సంవత్సరం దీపావళి, హాలోవీన్ రెండూ ఒకే రోజు పడ్డాయి, అక్టోబర్ 31. రామంతాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ పిల్లలు నా వీడియో చూసే ఇరవై పుర్రెలు చేశారు. దారం కట్టి గేటు పక్క గోడకి వరసగా వేలాడదీశారు. కింద ప్రమిదలు, పైన పుర్రెలు. చూడ్డానికి భలే ఉండింది, నేను రీల్ కూడా తీశాను.

తెల్లారి చూస్తే రెండు పుర్రెలు లేవు. ఎవరో పిల్లాడు పట్టుకుపోయాడు అనుకున్నాం. మా గల్లీలో టైగర్ అని ఒక కుక్క ఉంటాడు, మా వాచ్‌మన్ రోజూ అన్నం పెడతాడు. వాడు సెల్లార్‌లో నీళ్ల తొట్టి దగ్గర ఆగకుండా నీళ్లు తాగుతున్నాడు, కక్కుతున్నాడు, మళ్లీ తాగుతున్నాడు. వెనక కాళ్లు తడబడుతున్నాయి. రాత్రంతా టపాకాయలు కదా, భయపడ్డాడేమో అన్నాన్నేను. వాచ్‌మన్ మాత్రం ఆ కక్కిన దాంట్లోంచి ఒక దారం తీసి చూపించాడు. "సార్, ఇది మన పిల్లలు చేసిన పిండి బొమ్మ కాదా?"

ఆటోలో పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "అందులో ఉప్పెంత?" నేను ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీశాను. ఆ లెక్క మీకూ చెప్తాను, ఎందుకంటే ఈ ఎపిసోడ్‌లో అన్నిటికంటే ముఖ్యమైనది అదే.

రెండు కప్పుల మైదా అంటే సుమారు 250 గ్రాములు. ఒక కప్పు మెత్తటి ఉప్పు అంటే సుమారు 280 గ్రాములు. ఉప్పు బరువైంది కాబట్టి కప్పుల్లో సగమే కనిపించినా, తూకంలో మైదా కంటే ఎక్కువే. ఆరిపోయాక నీళ్లన్నీ పోతాయి, మిగిలేది ఈ రెండే. అంటే ఎండిన బొమ్మలో సగం పైన ఉప్పే. 60 గ్రాముల పుర్రెలో 30 గ్రాముల ఉప్పు. రెండు తింటే 60. టైగర్ బరువు 15 కిలోలు. కిలోకి 4 గ్రాములు.

కుక్కలకి కిలో బరువుకి రెండు మూడు గ్రాముల ఉప్పు లోపలికి వెళ్తేనే వాంతులు, వణుకు, తడబాటు మొదలవుతాయి. 4 గ్రాముల దగ్గర ప్రాణం మీదికొస్తుంది. రక్తంలో సోడియం ఒక్కసారి పెరిగితే కణాల్లోంచి నీళ్లు బయటికి లాగేస్తుంది, మెదడు కణాల్లోంచి కూడా. మా వాడు అప్పటికే చాలా వరకు కక్కేశాడు కాబట్టి బతికాడు. రెండు రోజులు సెలైన్. ఆ రెండు రోజులూ వాచ్‌మన్ నాతో ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది.

మనిషి పిల్లలు ఉప్పు తగలగానే ఉమ్మేస్తారు. అయినా చిన్న పిల్లలకి కూడా అంత ఉప్పు ఒక్కసారి వెళ్తే ప్రమాదమే. కుక్క ఉమ్మదు, దానికి కాల్చిన రొట్టె వాసన వస్తుంది అంతే. ఒకవేళ మీ ఇంట్లో ఇలా జరిగితే నీళ్లు అందుబాటులో పెట్టండి, బలవంతంగా నోట్లో పొయ్యకండి. కక్కించడానికని ఉప్పునీళ్లు మాత్రం అస్సలు వద్దు. వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లి, ఎంత తిన్నదో, అందులో ఉప్పెంతో చెప్పండి.

సరే. ఇది జరిగాక ఒక సంవత్సరం పాటు ఖాళీ దొరికినప్పుడల్లా ఇంట్లో చేసుకునే మట్టి రకాలన్నీ చేసి చూశాను. మా అమ్మ వంటింట్లో ఒక షెల్ఫ్ మొత్తం నాకు రాసిచ్చేసింది, విసుగుతో.

చేస్తుంటే నాకర్థమైంది ఏంటంటే, పేరు ఏదైనా అన్ని మట్టి ముద్దలదీ ఒకటే కథ. నీళ్లు ఉన్నంతసేపు మెత్తగా ఉంటుంది. నీళ్లు పోయాక గట్టిపడుతుంది. కాబట్టి రెసిపీ చూడగానే రెండు ప్రశ్నలు వేసుకోండి. నీళ్లు పోయాక ఏం మిగులుతుంది? పోయిన నీళ్ల జాగాలో ఏం జరుగుతుంది? మొదటి దానికి జవాబు తెలిస్తే దాన్ని ఎక్కడ పెట్టాలో, ఎవరికి దూరంగా ఉంచాలో తెలుస్తుంది. రెండో దానికి జవాబు తెలిస్తే బొమ్మ ఎందుకు పగిలిందో తెలుస్తుంది. నీళ్లు పోయిన జాగా మూసుకుపోతూ ముద్ద కుంచించుకుపోతుంది. పైన ముందు ఆరి, లోపల ఇంకా తడిగా ఉంటే పైపొర బిగుసుకుని పగుళ్లిస్తుంది. "అన్నా, నా పుర్రె నుదుటి మీద పగిలింది" అని గత ఏడాది ఎంతమంది రాశారో. పుర్రెకి పగులు కలిసొచ్చింది లెండి, గుమ్మడికాయకి రాదు.

మైదా ఉప్పు ముద్ద చెడ్డది అనట్లేదు. చవక, పొయ్యి అక్కర్లేదు, పిల్లల చేతికి బాగా వస్తుంది. మైదాలో గ్లూటెన్ సాగుతుంది, ఉప్పు బూజు పట్టనివ్వదు. పైన చెప్పిన కొలతకి ముప్పావు కప్పు నీళ్లతో మొదలుపెట్టి, చపాతీ పిండి కంటే కొంచెం గట్టిగా కలిపి పది నిమిషాలు పిసకండి. మందం ఒక సెంటీమీటర్ దాటొద్దు. పెద్ద తలకాయ కావాలంటే లోపల అల్యూమినియం ఫాయిల్ ఉండలా చుట్టి, దాని మీద పల్చగా పొర వేయండి. ఓవెన్ ఉంటే 100 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు. మైక్రోవేవ్‌లో పెట్టకండి, లోపలి నీళ్లు ఆవిరై పొంగి బుడగలొస్తాయి, పుర్రె కాస్తా పూరీ అవుతుంది. ఎండలో అయితే మూడు నాలుగు రోజులు, మధ్య మధ్యలో తిప్పుతూ.

కానీ మన ఊళ్లో దీనికి ఇంకో తిప్పలుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమని పీల్చుకోవడం మొదలుపెడుతుంది. వానాకాలంలో ఉప్పు డబ్బా ముద్దకట్టడం చూసే ఉంటారు, అదే సంగతి. అక్టోబర్ అంటే వానలు అయిపోయాయి అనుకుంటాం. 2020 అక్టోబర్ 13 రాత్రి రామంతాపూర్, హబ్సిగూడ, ఉప్పల్‌లో ఉన్నవాళ్లని అడగండి. ఇళ్లలోకి నీళ్లొచ్చి మనుషులు పై అంతస్తులకి ఎక్కిన రోజులవి. అంత వాన ప్రతి ఏడాదీ రాదు గానీ, నెలాఖర్లో రెండు రోజులు ముసురు పట్టినా చాలు, బొమ్మ చెమట పడుతుంది, దారం కట్టిన చోట మెత్తబడి కింద పడుతుంది. టైగర్‌కి పుర్రెలు అలాగే దొరికాయని నా అనుమానం. వార్నిష్ వేస్తే ఆగుతుంది, అదీ లోపల పూర్తిగా ఆరాకే. తడి లోపల ఉండగా వార్నిష్ వేస్తే మూత పెట్టి కుళ్లబెట్టినట్టే.

అందుకే నా రూల్ ఇప్పుడు ఒకటే: ఉప్పు ముద్ద బొమ్మలు ఇంటి లోపల, ఎత్తులో. గేటుకి, గోడకి, మెట్ల మీద వద్దు.

బయట వేలాడదీయడానికి ఫెవికాల్ మట్టి మేలు. ఒక కప్పు కార్న్‌ఫ్లోర్, ఒక కప్పు తెల్ల ఫెవికాల్, ఒక చెంచా కొబ్బరి నూనె, ఒక చెంచా వెనిగర్ లేదా నిమ్మరసం. పాత నాన్‌స్టిక్ పాన్‌లో సన్నటి మంట మీద కలుపుతూ ఉంటే మూడు నాలుగు నిమిషాల్లో గడ్డకట్టి అంచులు వదిలేస్తుంది. అప్పుడు దించేయండి. ఎక్కువసేపు ఉంచితే ఆరాక బాగా పగులుతుంది. చెయ్యి పట్టేంత వేడిలో నూనె రాసుకుని పిసికి, కవర్‌లో గాలి పోకుండా కట్టి ఒక రాత్రి వదిలేయండి. పువ్వులు, సాలెపురుగు కాళ్లు, గబ్బిలం రెక్కలు, ఇలాంటి సన్నపని అంతా దీంతోనే. ఆ పాన్‌ని మళ్లీ వంటకి వాడొద్దు. మా అమ్మ చూడకముందే నేను ఒకటి పాతసామాన్ల వాడికి వేసేశాను, ఈ వీడియో చూస్తే తెలిసిపోతుంది.

దీంట్లో నీళ్లు పోయాక మిగిలేది పిండి, దాన్ని పట్టుకున్న ప్లాస్టిక్ లాంటి జిగురు. తడికి తొందరగా కరగదు గానీ, కుండపోత వానకి నిలవదు. కుంచించుకోవడం మాత్రం బాగా ఉంటుంది, కాబట్టి కావాల్సిన సైజు కంటే కొంచెం పెద్దగా చేయండి. ఓవెన్‌లో పెట్టొద్దు, ఈ జిగురు వేడికి మెత్తబడుతుంది. ఇది తినేది కాదని పిల్లలకి ముందే చెప్పండి.

ఇప్పుడు అసలు మట్టి. వినాయక చవితికి తెచ్చిన మట్టి ఇంట్లో మిగిలే ఉంటుంది చాలామందికి. లేదంటే చవితి ముందు హెచ్‌ఎండీఏ వాళ్లు పంచిన మట్టి విగ్రహాలు చూసి, మనమే చేద్దాం అని ప్యాకెట్ కొని, చివరికి చేయకుండా అటక మీద పెట్టేసి ఉంటారు. నేనూ అంతే. అది రాయిలా అయిపోయినా పాడవదు. సుత్తితో పొడి చేసి, నీళ్లు పోసి రెండు రోజులు వదిలేస్తే మళ్లీ మట్టే. ముక్కు, చెవులు అతికించేటప్పుడు రెండు వైపులా పుల్లతో గీతలు గీకి, మజ్జిగలాంటి పల్చటి మట్టి రాసి నొక్కండి. ఇది చేయకపోతే ఆరాక ముక్కు రాలిపోతుంది. సీసా మీద మట్టి పూసి దెయ్యం చేయాలని చూశాను, మూడో రోజుకి నిట్టనిలువునా చీలింది. మట్టి కుంచించుకుంటుంది, సీసా కుంచించుకోదు కదా. మధ్యలో న్యూస్‌పేపర్ రెండు మడతలు చుట్టాక సరిపోయింది.

కొంతమంది "మన పెద్ద చెరువు మట్టి వాడొచ్చా అన్నా" అని అడిగారు. వద్దు. డ్రైనేజీ కలిసే నగరం చెరువుల మట్టి పిల్లల చేతికి ఇవ్వకండి. దీపావళి అయిపోయింది కాబట్టి మిగిలిన ప్రమిదలు వాడండి, అది ఇంకా తేలిక. కాల్చిన మట్టి, నీటికి కరగదు. చిన్న ప్రమిద బోర్లిస్తే నుదురు రెడీ. కింద ఫెవికాల్ మట్టితో దవడ అతికిస్తే పది నిమిషాల్లో పుర్రె.

నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం యూట్యూబ్‌లో దొరికింది కాదు. మా నానమ్మది. నల్లగొండ వైపు మా ఊళ్లో ఆమె అటక మీద ఒక పాత గంప ఉంది, బూడిద రంగు, ముట్టుకుంటే అట్టలా గట్టిగా ఉంటుంది. చిన్నప్పుడు అది వెదురుదో ఏదో అనుకునేవాణ్ని. కాగితం. పాత న్యూస్‌పేపర్లు, నా అక్క పాత నోటుబుక్కులు నానబెట్టి, మెంతులు కలిపి రోట్లో రుబ్బి, బోర్లించిన బిందె మీద మెత్తి ఎండబెట్టింది. మన పల్లెల్లో ఇలాంటి కాగితం గంపలు, బుట్టలు ఆడవాళ్లు చేసుకునేవాళ్లు. ఆ వెదురు చాటలకీ అదే గుజ్జు మెత్తేవాళ్లు, సందుల్లోంచి గింజలు జారకుండా.

ఈ వేసవిలో ఊరెళ్లినప్పుడు ఆమెనే అడిగాను. "ఉప్పెందుకురా బొమ్మలకి, మెంతులుండగా" అంది. ఇంత చిన్న మాట కోసం నేను కుక్కని ఆసుపత్రి దాకా తీసుకెళ్లాల్సి వచ్చింది.

చేసే విధానం. పది పెద్ద న్యూస్‌పేపర్ షీట్లు ముక్కలు చించి వేడినీళ్లలో వేసి రెండు రోజులు నానబెట్టండి, రోజూ నీళ్లు మార్చండి, వాసన రాదు, ఇంకు కొంత పోతుంది. ఒక గుప్పెడు మెంతులు, అంటే 50 గ్రాములకి అటూ ఇటూ, ఒక రాత్రి విడిగా నానాలి. కాగితం గట్టిగా పిండి, మెంతులతో కలిపి కొంచెం కొంచెంగా మిక్సీలో వేయండి. ఒకేసారి నింపితే మోటార్ కాలుతుంది, ఇది అనుభవంతో చెప్తున్నా. గారెల పిండిలాంటి ముద్ద వస్తుంది, జిగటగా. మెంతి గింజలో ఒక రకం బంక ఉంటుంది, నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఆరాక కాగితం పీచుల్ని ఒకదానికొకటి పట్టేస్తుంది. ఇక్కడ నీళ్లు పోయాక మిగిలేది పీచు. పీచు ఉంది కాబట్టే పగుళ్లు తక్కువ. సిమెంట్ లోపల ఇనుప చువ్వలు చేసే పని ఇక్కడ పీచు చేస్తుంది. చేదుగా ఉంటుంది కాబట్టి పురుగు పట్టదని నానమ్మ అంటుంది. ఆ గంపకి మాత్రం ఇన్నేళ్లలో ఒక్క చిల్లు లేదు.

గుమ్మడికాయ కోసం బెలూన్ ఊది, దాని మీద అర సెంటీమీటర్ మందం మెత్తి, నీడలో ఒక రోజు, తర్వాత ఎండలో మూడు రోజులు. బెలూన్ సూదితో గుచ్చి తీసేసి కళ్లు, నోరు కత్తెరతో కోయండి. చెయ్యంత గుమ్మడికాయ ఎంత తేలిగ్గా ఉంటుందంటే, సెలోటేప్‌తో కూడా వేలాడుతుంది. గోడ మీంచి పడినా పగలదు.

ఇది మా నానమ్మ కనిపెట్టింది కూడా కాదు. కొండపల్లి బొమ్మలు చూశారు కదా? తెల్ల పొణికి చెక్కతో చెక్కిన చేతులు, తలకాయలు విడివిడిగా ఉంటాయి. వాటిని అతికేది మక్కు. అంటే చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్ద. మన నిర్మల్ బొమ్మల్లోనూ చింతగింజల జిగురు, రంపపు పొట్టు వాడతారు. మళ్లీ చూడండి: ఒక గింజలోని బంక, ఒక చెట్టు పీచు. మెంతులు, కాగితం లాంటిదే. చింతగింజలు వేయించి, తొక్క తీసి, పొడి పట్టి, నీళ్లలో ఉడికించి నేనూ ప్రయత్నించాను. జిగురు అదిరిపోయింది. తొక్క తీయడానికి ఒక ఆదివారం మొత్తం పోయింది. మెంతులే మేలు.

"మనకెందుకన్నా ఈ హాలోవీన్" అనే కామెంట్ ఎలాగూ వస్తుంది. మా ఇంట్లోనే వచ్చింది. "గుమ్మానికి పుర్రెలు కడతారా ఎవరైనా?" అంది అమ్మ. అక్క కూతురు, ఎనిమిదేళ్లు దానికి, ఎదురింటి గుమ్మానికి కట్టిన బూడిద గుమ్మడికాయ చూపించి, "అమ్మమ్మా, మరి దానికి కళ్లు, మీసాలు ఎందుకు గీశారు?" అని అడిగింది. నాచారం రోడ్డులో కడుతున్న బిల్డింగుల మీద నాలుక బయటపెట్టిన దిష్టిబొమ్మ సంగతి కూడా ఎత్తింది. అమ్మ దగ్గర జవాబు లేదు. ఐర్లండ్‌లో మొదట్లో వాళ్లు చెక్కింది గుమ్మడికాయ కూడా కాదు, టర్నిప్ దుంప. అమెరికా వెళ్లాక అక్కడ గుమ్మడికాయ దొరికింది, మార్చుకున్నారు. పోయినవాళ్లని తలుచుకునే రోజులు మనకీ ఉన్నాయి: పెత్రమాస ఉంది, నవంబర్ 2న మన క్రైస్తవుల సమాధుల పండుగ ఉంది. చేయాలా వద్దా అనేది మీ ఇష్టం, ఆ గొడవలోకి నేను రాను. చేస్తే మాత్రం గల్లీలో జీవాలకి ఏం కాకుండా చేయండి.

మా మేనకోడలు ఈసారి కాగితం మట్టితో చేసింది పుర్రె కాదు, దిష్టిబొమ్మే. (బొమ్మ చూపిస్తూ) ఇదిగో. నాలుక ఎర్రగా, కోరలు ఫెవికాల్ మట్టితో, మీసాలు కొబ్బరి పీచుతో. ఎటు ఎండినా ఒక కన్ను చిన్నదైపోయింది, అది కావాలనే చేశానంటుంది.

లోపల వెలుగు కోసం కొవ్వొత్తి పెట్టకండి. ఇందాక చెప్పాను, మిగిలేది కాగితం పీచు అని. అది ఎండితే అంటుకోవడానికి ఒక్క నిప్పురవ్వ చాలు. బ్యాటరీతో వెలిగే చిన్న ఎల్‌ఈడీ దీపాలు దీపావళికి కొన్నవి ఉంటాయి కదా, అవి పెట్టండి. ఉప్పు ముద్దకైనా, మట్టికైనా అదే.

పండుగ అయిపోయాక ఉప్పు బొమ్మల్ని కుండీల్లో పాతిపెట్టకండి, ఆ ఉప్పుకి మొక్క చచ్చిపోతుంది. చెత్త కవర్‌లో అలా విడిచిపెట్టినా కుక్కలు చింపుతాయి. గట్టిగా కట్టి, మూత ఉన్న డబ్బాలో వేసి, చెత్త బండి వచ్చినప్పుడు చేతికే ఇవ్వండి. మట్టి బొమ్మని బకెట్‌లో నానేసి, వచ్చే చవితికి దాచుకోండి. కాగితం బొమ్మని దాచుకోవచ్చు, విసుగొస్తే ముక్కలు చేసి మళ్లీ నానబెట్టి ఇంకోటి చేయొచ్చు.

పాత వీడియో డిలీట్ చేయమని కొందరన్నారు. చేయలేదు, ఎందుకంటే అప్పటికే డౌన్‌లోడ్ చేసి ఫార్వర్డ్ చేసినవి వాట్సాప్‌లో తిరుగుతూనే ఉన్నాయి, వాళ్లు వెతుక్కుంటూ వస్తే సరిదిద్దింది కనబడాలి. టైటిల్‌లోనే రాశాను, కుక్కలకి ప్రమాదం అని. ఆ నాలుగు సెకన్లు కట్ చేసి, ఆ జాగాలో ఈ రోజు చెప్పిన లెక్క పెట్టాను. మీ గ్రూపుల్లో పాతది కనబడితే దాని కిందే ఈ లింక్ వేయండి.

టైగర్ బాగున్నాడు. ఇప్పుడు కూడా కిందే ఉన్నాడు, మొన్న ఈ కాగితం గుమ్మడికాయని వాసన చూసి, తుమ్మి, వెళ్లిపోయాడు. మీరు చేసిన బొమ్మల ఫొటోలు పంపండి, పగిలినవి కూడా, ఎందుకు పగిలిందో చూసి చెప్తాను. ఉంటాను మరి, బై.